ఒక్కర్ని శిష్యుడిగా నిలబెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

వందనాలు బ్రదర్. మీరు రాసింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీ సంఘానికి ఆదివారం నూట యాభై మంది దాకా వస్తున్నారు, శుక్రవారం ఉపవాస ప్రార్థన, వారం మధ్యలో గృహ కూడికలు, ఏడాదికోసారి ఉజ్జీవ సభలు అన్నీ జరుగుతున్నాయి, అయినా పదేళ్ళ నుంచి వస్తున్నవాళ్ళు కూడా పాస్టర్ గారు ఊళ్ళో లేకపోతే ఒక చిన్న ప్రార్థన నడిపించలేకపోతున్నారు. ఇప్పుడు అయ్యగారు యూత్‌ని మీకు అప్పగించి వీళ్ళని శిష్యులుగా తయారుచెయ్యి అన్నారు. ఏ పుస్తకం వాడాలి, ఎన్ని వారాల కోర్సు పెట్టాలి, అందర్నీ కలిపి చెయ్యొచ్చా అని అడిగారు.

ముందు సూటిగా చెప్తా. కోర్సుతో మొదలుపెట్టకండి, మనుషులతో మొదలుపెట్టండి. ఇద్దర్ని, మహా అయితే ముగ్గుర్ని తీసుకోండి. మీరు చేసే పరిచర్యకి వాళ్ళని వెంట తీసుకెళ్ళండి, మీ ఇంటికి రానివ్వండి, ఒక సువార్త పుస్తకం మొదట్నుంచి చివరిదాకా కలిసి చదవండి. ఒకటిన్నర, రెండేళ్ళు పడుతుందని ముందే మనసులో పెట్టుకోండి. వాళ్ళల్లో ఒకడు తనంతట తాను ఇంకొకడికి నేర్పడం మొదలుపెట్టేదాకా మీ పని అయిపోయినట్టు కాదు.

నేను ప్రకాశం జిల్లా పల్లెటూరి సంఘాల్లో చాలా కాలంగా ఈ పనిలోనే ఉన్నా, మా ఆవిడ ఆడవాళ్ళతో ఇదే పని చేస్తుంది. కాబట్టి నేను చెప్పేది ఎక్కువ పల్లెటూళ్ళ సంగతి, టౌన్‌లో మీరు కొంచెం మార్చుకోవాలి.

ఎందుకు ఇద్దరు ముగ్గురే అంటున్నానంటే, ప్రభువు దగ్గరికి వేలమంది వచ్చారు, ఆయన వాళ్ళకి బోధించాడు, రొట్టెలు పెట్టాడు, స్వస్థపరిచాడు, కానీ మార్కు 3:14 చూడండి, పన్నెండుమందిని ఎందుకు నియమించాడో అక్కడ రాసుంది. సువార్త ప్రకటించడానికి పంపడం ఆ వచనంలోనే ఉంది గానీ దానికంటే ముందు "తనతో కూడ ఉండునట్లు" అని ఉంది. మనం ఈ మొదటి మాట వదిలేసి రెండోదానికి వెళ్ళిపోతాం. బాప్తిస్మం తీసుకున్న రెండో నెలకే కుర్రాడి చేతికి మైకిచ్చి సాక్ష్యం చెప్పమంటాం, మూడో నెలకి వర్షిప్ టీమ్‌లో ఉంటాడు, ఆరో నెలకి ఇంట్లో వాళ్ళ అమ్మతో ఎలా మాట్లాడుతున్నాడో అడిగేవాళ్ళు ఎవరూ ఉండరు.

అపొస్తలుడైన పౌలు కూడా అంతే. తన శిష్యుడు తిమోతికి రాసిన 2 తిమోతి 2:2లో ఒక్క వాక్యంలో నాలుగు తరాలు కనిపిస్తాయి, పౌలు, తిమోతి, నమ్మకమైన మనుషులు, ఆ మనుషులు నేర్పాల్సిన ఇతరులు. థెస్సలొనీకవాళ్ళకి రాసినప్పుడైతే సువార్తే కాదు మా ప్రాణాలు కూడా మీకివ్వడానికి సిద్ధపడ్డాం అంటాడు. వారానికో గంట క్లాసు చెప్పి వెళ్ళిపోయేవాడు ఆ మాట రాయలేడు.

ఇది మన నేలకి కొత్త కూడా కాదు. మా ఒంగోలు వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయని. ఆ సంఖ్య అందరికీ నోటికొచ్చు. నన్ను ఎప్పుడూ ఆలోచింపజేసేది ఆ మర్నాడు. అప్పుడక్కడ పనిచేసిన అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ గారు ఒక్కరు అంతమందికి ఏం నేర్పగలరు? ఆ పని పల్లెపల్లెకీ తిరిగిన మన తెలుగు బోధకుల మీద పడింది. ఎర్రగుంట్ల పేరయ్యగారి లాంటివాళ్ళు అంతకు పన్నెండేళ్ళ ముందు నుంచే, అంటే 1866 నుంచి, తమ చుట్టాలకీ చుట్టుపక్కల పల్లెలకీ నడిచి వెళ్ళి చెప్తూ ఉన్నారు. వాళ్ళు లేకుండా ఆ జనాన్ని నిలబెట్టడం ఎవరి తరమూ కాదు.

దోర్నకల్ బిషప్ అజరయ్యగారి సంగతీ అంతే. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు, ఆయన శ్రద్ధంతా పల్లెటూరి ఉపదేశకుల తయారీ మీద ఉండేది, ఉపదేశకుడితో పాటు అతని భార్యకి కూడా శిక్షణ ఇప్పించేవాడు. అంతకు రెండేళ్ళ ముందు 1910లో ఎడిన్‌బరోలో జరిగిన మిషనరీ మహాసభలో నిలబడి, మీరు మీ ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, ఇప్పుడు మాకు ప్రేమ కావాలి, స్నేహితుల్నివ్వండి అని అడిగినవాడు ఆయన. తెల్లదొరల ముందు అడిగిన మాట అది, కానీ ఇవాళ మన సంఘాల్లో కుర్రాళ్ళు మనల్ని అడగాల్సింది కూడా అదే అనిపిస్తుంది నాకు. ప్రసంగాలు వాళ్ళకి యూట్యూబ్‌లో ఎన్నయినా దొరుకుతున్నాయి. పక్కన కూర్చునే మనిషే దొరకట్లేదు.

సరే, ఎవర్ని ఎంచుకోవాలి. ఇక్కడే చాలా సంఘాలు దారి తప్పుతాయి. కీబోర్డ్ వాయించేవాడు, బాగా పాడేవాడు, గట్టిగా ప్రార్థన చేసేవాడు, ఇంగ్లీష్ వచ్చినవాడు మొదట కళ్ళకి కనిపిస్తారు. వాళ్ళు పనికిరారని కాదు, కానీ తలాంతు, అంటే పైకి కనిపించే నేర్పు, చూసి ఎంచుకుంటే తలాంతే పెరుగుతుంది. పౌలు చెప్పింది నమ్మకమైన మనుషుల్ని చూడమని. నమ్మకం ఎలా తెలుస్తుంది అంటే చిన్న పని ఇచ్చి చూడండి. కూడిక అయ్యాక ఎవరూ చెప్పకుండా చాపలు మడత పెట్టేవాడెవడు? ఫలానా ముసలమ్మని బండి మీద ఇంటి దగ్గర దింపు అంటే దింపి వచ్చి దింపాను అని చెప్పేవాడెవడు? ఒక నెల రోజులు ఎవరికీ చెప్పకుండా గమనించండి, పేర్లు వాటంతటవే తేలతాయి.

ఇంకో మాట కూడా చెప్పాలి, కొందరికి నచ్చకపోవచ్చు. మన కులం వాడు, మన బంధువు, పాస్టర్ గారి అబ్బాయి అని ఎంచుకోకండి. ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకుంటాం గానీ ఎవరిని దగ్గరికి తీసుకోవాలి, ఎవరికి బాధ్యత ఇవ్వాలి అన్నప్పుడు పాత లెక్కలన్నీ బయటికొస్తాయి, మాల మాదిగ తేడాలొస్తాయి, కొత్తగా వేరే కులం నుంచి వచ్చిన ఒక్క కుటుంబాన్ని నెత్తిన పెట్టుకోవడమూ జరుగుతుంది. మీరు తీసుకునే ఇద్దరు రెండు వేర్వేరు ఇళ్ళ వైపు నుంచి వస్తే మంచిది. ఒకరింట్లో ఒకరు అన్నం తినడం ఆ రెండేళ్ళలో జరిగే పెద్ద పాఠం, అది ఏ పుస్తకంలోనూ చెప్పి నేర్పలేం.

ఇక వారంలో ఏం చెయ్యాలి. నేను చేసేది చాలా మామూలుగా ఉంటుంది. వారంలో ఒక సాయంత్రం కూర్చుంటాం. మార్కు సువార్త తీసుకుంటాం, పదహారు అధ్యాయాలే కాబట్టి కొత్తవాళ్ళు భయపడరు. వారానికి సగం అధ్యాయం చాలు, తొందరేం లేదు. చదివాక నేను ప్రసంగం చెప్పను, మూడు సంగతులు అడుగుతా: ఇందులో యేసు ఎలాంటివాడని కనిపిస్తున్నాడు, ఈ వారం నువ్వు దీన్నిబట్టి ఏం చేస్తావు, ఎవరికి చెప్తావు. వచ్చే వారం మొదటి పదిహేను నిమిషాలు పోయిన వారం అన్నమాట ఏమయ్యిందో మాట్లాడుకుంటాం. ఈ పదిహేను నిమిషాలు వదిలేస్తే మిగతాది ఇంకో బైబిల్ స్టడీ అయిపోతుంది, మన దగ్గర బైబిల్ స్టడీలకి కొదవ లేదు. నేను కూడా చెప్తా, మా ఆవిడ మీద కోపం తెచ్చుకున్నాను అనైనా, రెండు రోజులు ప్రార్థనకి కూర్చోలేదు అనైనా. పెద్దవాడు చెప్పకపోతే చిన్నవాడు నోరు విప్పడు.

చదువు రానివాళ్ళ సంగతి మీరు అడగలేదు గానీ మీ నూట యాభై మందిలో తప్పకుండా ఉంటారు. వాళ్ళని వదిలెయ్యకండి. కథ చెప్పండి, తిరిగి చెప్పించండి, మళ్ళీ చెప్పించండి. అజరయ్యగారి కాలంలో పల్లెల్లో చదువురానివాళ్ళు ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం అన్నీ కంఠతా పట్టారు, కీర్తనల్లో కథలు నేర్చుకున్నారు. మా ఆవిడ దగ్గర ఒక పెద్దామె ఉంది, కూలిపనికి వెళ్తుంది, అక్షరం రాదు. తప్పిపోయిన కుమారుడి కథ మిరపకాయలు కోసేటప్పుడు పక్క సాలులో ఉన్నామెకి చెప్తుంది, ఆ పక్కామె రెండు ఆదివారాల తర్వాత గుడికొచ్చి ఆ తండ్రి కథ ఇంకోసారి చెప్పమని అడిగింది. చదువుకున్న మా కుర్రాళ్ళల్లో చాలామంది ఇంకా ఆ స్థితికి రాలేదు.

అసలు నేర్చుకోవడం ఎక్కువ జరిగేది ఆ సాయంత్రం కూడా కాదు, దారిలో. ఆసుపత్రికి వెళ్తే వెంట తీసుకెళ్ళండి, చావింటికి వెళ్తే తీసుకెళ్ళండి, భార్యాభర్తల గొడవ సర్దడానికి మాత్రం అవతలివాళ్ళు ఒప్పుకుంటేనే తీసుకెళ్ళండి. ఆటో నడిపే తమ్ముడు ఒకతను నాతో వచ్చేవాడు. మొదట చావింట్లో ఊరికే కూర్చోవడం చూశాడు. బయటికొచ్చాక అడిగాడు, అయ్యగారూ అరగంట సేపు ఏం మాట్లాడలేదేంటి అని. ఆమె ఏడుస్తున్నప్పుడు నా మాట ఆమెకి వినపడదు, తర్వాత ఒక కీర్తన చదివి నాలుగు మాటలు ప్రార్థన చేస్తే చాలు అని చెప్పా. తర్వాత వెళ్ళినప్పుడు కీర్తన అతను చదివాడు. ఆ తర్వాత ప్రార్థన కూడా అతనే చేశాడు, నేను పక్కన ఉన్నా. ఇప్పుడు వాళ్ళ వీధిలో ఎవరైనా పోతే అతనికే ముందు ఫోన్ వస్తుంది, నాకు రేపో ఎల్లుండో తెలుస్తుంది. చూడనివ్వండి, కలిసి చెయ్యండి, అతను చేస్తుంటే పక్కన ఉండండి, తర్వాత అక్కడ్నుంచి తప్పుకోండి. తప్పుకోవడం అన్నింటికంటే కష్టం, కానీ మీరు అక్కడే ఉన్నంతకాలం జనం అతని వైపు చూడరు.

ఇప్పుడు అన్నింటికంటే ముఖ్యమైన జాగ్రత్త. నమ్మకం కుదిరాక కుర్రాళ్ళు బరువైన సంగతులు చెప్తారు. ఫోన్‌లో చూడకూడనివి చూడటం, బెట్టింగ్ యాప్‌లు, లోన్ యాప్ అప్పులు, ఇంట్లో తెలియని ప్రేమ వ్యవహారం. విన్నది మీ దగ్గరే ఆగాలి. మన సంఘాల్లో రహస్యాలు బయటికొచ్చేది చాడీల రూపంలో కాదు, ప్రార్థన అంశం రూపంలో. "ఫలానా తమ్ముడి కోసం ప్రార్థించండి, ఒక బలహీనతలో ఉన్నాడు" అని శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఒక్క మాట అంటే చాలు, సాయంత్రానికి ఊరంతా ఆ బలహీనత ఏంటో కనిపెట్టేస్తుంది. ఆ కుర్రాడు ఇక జన్మలో ఎవరికీ మనసు విప్పడు. అలా ఒక సంఘంలో మనసు విరిగి గుడికే రావడం మానేసిన పిల్లల్ని నేను చూశాను, వాళ్ళని తిరిగి కూర్చోబెట్టడం చాలా కష్టం.

బెట్టింగ్‌లో ఇరుక్కున్న ఒక తమ్ముడు కొన్ని నెలలు నాతో తిరిగాక ఒక రాత్రి చెప్పాడు. నేను వాక్యం ఎత్తలేదు. ఎవరికి ఎంత ఇవ్వాలో ఒక కాగితం మీద రాయించా. మీ అన్నకి చెప్పడానికి నేను తోడు వస్తాను, రమ్మంటావా అని అడిగా, ఒప్పుకున్నాక ముగ్గురం కూర్చున్నాం. ఫోన్‌లో ఆ యాప్‌లు అక్కడే తీసేశాడు, జీతం కొంతకాలం అన్న అకౌంట్‌లో పడేలా చేసుకున్నాడు. మధ్యలో ఒకసారి మళ్ళీ పడ్డాడు, మళ్ళీ కూర్చున్నాం. నేను డబ్బు ఇవ్వలేదు, ఇస్తే మా ఇద్దరి మధ్య సంబంధం అప్పు సంబంధం అయిపోయేది. డబ్బు విషయంలో మీరూ గట్టిగా ఉండండి, అప్పివ్వొద్దు, వాళ్ళ దగ్గర తీసుకోవద్దు, చీటీలో చేర్చొద్దు. ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టడం వేరే సంగతి. అలాగే ఎవరైనా చనిపోవాలనుంది అని అంటే గానీ, చిన్నపిల్లల మీద అఘాయిత్యం సంగతి తెలిస్తే గానీ ఆ రహస్యం మీ దగ్గర పెట్టుకోకండి. అది వెంటనే ఇంట్లోవాళ్ళకి, డాక్టర్‌కి, అవసరమైతే పోలీసుకి చేరాలి. పిల్లల విషయం అయితే, తప్పు చేసినవాడు ఇంట్లోవాడైనా సంఘం పెద్ద అయినా సరే, పోలీసుకి చెప్పాల్సిందే, చట్టం కూడా అదే అంటుంది. ప్రార్థన చేద్దాం అని కూర్చోబెట్టి పొద్దుపుచ్చడం పాపం.

రెండో జాగ్రత్త పెత్తనం గురించి. మన దగ్గర గురువు మాట దాటకూడదు అన్న అలవాటు సంఘంలోకి కూడా వచ్చేసింది. అయ్యగారు చెప్తేనే ఉద్యోగం, అయ్యగారు ఒప్పుకుంటేనే పెళ్ళి, దైవజనుడి మాట కాదంటే శాపం తగుల్తుంది అనేదాకా కొన్నిచోట్ల వెళ్ళింది. ఇది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. 1 పేతురు 5:3 మంద మీద ప్రభువుల్లా ఉండొద్దు, మాదిరిగా ఉండండి అంటుంది. అతను యేసుకి శిష్యుడు, మీకు కాదు. ఏ అమ్మాయిని చేసుకోవాలి, హైదరాబాద్ వెళ్ళాలా వద్దా అని అడిగితే కలిసి ప్రార్థన చెయ్యండి, ప్రశ్నలు అడగండి, మీకు ఏమనిపిస్తుందో చెప్పండి, కానీ నిర్ణయం అతన్నే తీసుకోనివ్వండి. మీకు నచ్చని నిర్ణయం తీసుకున్నా వచ్చే వారం తలుపు తీసే ఉంచండి.

మీ పాస్టర్ గారికి ఒక భయం ఉండొచ్చు, పైకి చెప్పకపోవచ్చు. తయారైనవాడు పక్క వీధిలో రేకుల షెడ్డు వేసి సొంత సంఘం పెట్టుకుంటాడని. అది ఊరికే వచ్చిన భయం కాదు, పది కుటుంబాల్ని తీసుకుని వెళ్ళిపోయినవాళ్ళు ప్రతి మండలంలో ఉన్నారు. కానీ నేను చూసినంతలో అలా వెళ్ళేది ఎక్కువగా బాధ్యత దొరకనివాళ్ళే. ఏళ్ళ తరబడి వర్షిప్‌లో పాడించి, కుర్చీలు మోయించి, ఒక్క గృహ కూడిక కూడా అప్పగించకపోతే చేతకాక కూర్చునేవాడు కూర్చుంటాడు, చేతనైనవాడు వెళ్ళిపోతాడు. బర్నబాని చూడండి, తార్సు దాకా వెళ్ళి సౌలుని, అంటే పౌలునే, వెతికి తెచ్చుకున్నాడు. అపొస్తలుల కార్యాల్లో మొదట "బర్నబాయు సౌలును" అని ఉంటుంది, కొంత దూరం పోయాక ఎక్కువచోట్ల పౌలు పేరు ముందుకొస్తుంది. బర్నబా ఎక్కడా గొణిగినట్టు లేదు. తర్వాత, ముందు ప్రయాణంలో మధ్యలోనే వదిలి వెళ్ళిపోయిన మార్కు విషయంలో ఆ ఇద్దరికీ తగాదా వచ్చి విడిపోయారు కూడా, అయినా బర్నబా ఆ పడిపోయిన కుర్రాణ్ణి తీసుకుని కుప్రకి వెళ్ళాడు, చివరి రోజుల్లో పౌలే మార్కుని వెంటబెట్టుకు రమ్మని, అతను పరిచర్యకి ప్రయోజనకరమైనవాడని తిమోతికి రాశాడు. మీ అయ్యగారితో దీన్ని మీరు వాదనగా పెట్టుకోకండి. ఎవర్ని తీసుకుంటున్నారో పేర్లతో సహా ముందే చెప్పండి, నెలకోసారి వెళ్ళి ఏం చదువుతున్నారో చెప్పండి (వాళ్ళ రహస్యాలు కాదు), వాళ్ళల్లో ఒకరిని అయ్యగారి గృహ దర్శనాలకి కూడా పంపండి. ఆయనకి తెలియకుండా గుంపు తయారవుతుందన్న అనుమానం రాకపోతే సగం ఇబ్బంది ఉండదు.

కుర్రాళ్ళు ఊరు వదిలి వెళ్ళిపోతున్నారు, అప్పుడెలా అని చాలామంది అడుగుతుంటారు. నిజమే, ఒకడు అమీర్‌పేట కోచింగ్‌కి పోతాడు, ఒకడు కువైట్ పోతాడు. ఆపకండి. కువైట్ వెళ్ళిన తమ్ముడొకతనికి శుక్రవారం సెలవు, అక్కడ తెలుగు ఆరాధనలు కూడా ఆ రోజే, ఆరాధన అయ్యాక వాయిస్ మెసేజ్ పెడతాడు, నేను రాత్రికి వింటా, జవాబు పెడతా. ముందు ఎదురుగా కూర్చుని నమ్మకం కుదిరింది కాబట్టి ఫోన్‌లో నడుస్తుంది. మొదట్నుంచీ వాట్సాప్ గ్రూప్‌లోనే చేద్దాం అంటే మాత్రం రోజుకో వచనం, నలభై దణ్ణాల బొమ్మలు తప్ప ఏమీ మిగలదు. అక్కడ దగ్గర్లో ఒక సంఘం పెద్దకి అప్పగించడం కూడా మర్చిపోకండి.

చివరగా ఆడపిల్లల గురించి, మీ యూత్‌లో వాళ్ళే ఎక్కువ ఉంటారు. మీరు వాళ్ళతో విడిగా కూర్చోవద్దు, రాత్రిపూట విడిగా మెసేజ్‌లు పెట్టొద్దు, ఎంత మంచి ఉద్దేశంతో అయినా సరే. అలాగని వాళ్ళని గాలికి వదిలెయ్యడమూ న్యాయం కాదు. తీతు రెండో అధ్యాయంలో పెద్ద స్త్రీలు చిన్నవాళ్ళకి నేర్పాలని ఉంది. చాలా సంఘాల్లో ఈ పనంతా అమ్మగారి మీద, అంటే పాస్టర్ గారి భార్య మీద, పడేస్తారు, ఆమెకి ఇంటి పని, సండే స్కూల్, వచ్చేపోయేవాళ్ళకి టీ పెట్టడంతోనే సరిపోతుంది. మీ సంఘంలో నలభై దాటిన, నోరు జారని, ఇంట్లో కష్టం చూసిన ఒక టీచరమ్మో, నర్సో, కూలికెళ్ళే అక్కో తప్పకుండా ఉంటారు. అమ్మగారితో మాట్లాడి ఆమెకి ఇద్దరమ్మాయిల్ని అప్పగించమనండి, అదే మార్కు సువార్త, అవే మూడు ప్రశ్నలు. మీ ఇద్దరు కుర్రాళ్ళని మాత్రం ఈ ఆదివారమే అడిగెయ్యకండి, ఆ నెల రోజులు గమనించాకే అడగండి. ఏ సాయంత్రం ఖాళీ ఉంటుందో వాళ్ళనే చెప్పనివ్వండి, పంట కోతల్లో కుదరదు, పరీక్షలప్పుడు కుదరదు, అవన్నీ చూసుకుని రోజు పెట్టుకోండి.